జీనోటైప్ ఏది, జీనోమ్ ఏది: తేడా పట్టుకోవడం ఎలా

జీనోమ్, జీనోటైప్ రెండూ డీఎన్‌ఏ గురించే. ఒకే పాఠంలో, ఒకే వార్తలో, ఒకే ల్యాబ్ రిపోర్టులో పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే చాలామంది ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తుంటారు. పరీక్షలో అయితే ఒకటో రెండో మార్కులు పోతాయి, అంతే. సొంత డీఎన్‌ఏ రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఈ పొరపాటు చాలా దూరం వెళ్తుంది. కొన్ని చోట్ల మాత్రమే చూసిన పరీక్షను మొత్తం చూసిన పరీక్ష అనుకుని "నాకేమీ లేదు" అని నిశ్చింతగా ఉండిపోయేవాళ్లున్నారు. రెండు అక్షరాలు చూసి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు.

నిర్వచనాలు బట్టీ పడితే ఈ గందరగోళం పోదు. ఒక వాక్యమో రిపోర్టో కనిపించినప్పుడు వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకోవడం అలవాటైతే పోతుంది. ఆ ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. ఇంటర్ స్థాయి బయాలజీ గుర్తుంటే చాలు.

1. ముందుగా "ఎక్కడ?" అని అడగండి

మీరు చదువుతున్న వాక్యం డీఎన్‌ఏలోని ఒక చోటు గురించి చెబుతోందా, లేక ఆ జీవికున్న డీఎన్‌ఏ మొత్తం గురించి చెబుతోందా? ఒక చోటు గురించి అయితే అది జీనోటైప్. మొత్తం గురించి అయితే జీనోమ్.

జీనోమ్ అంటే ఒక జీవికి వంశపారంపర్యంగా అందిన సమాచారం అంతా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. (డీఎన్‌ఏ గొలుసులో వరుసగా ఉండే ఏ, టి, జి, సి అనే నాలుగు రకాల ముక్కలనే ఇక్కడ అక్షరాలు అంటున్నాను.) జన్యువులు ఉన్న భాగాలూ అందులోవే, లేని భాగాలూ అందులోవే. జీనోటైప్ అలా కాదు. అది ఒక ప్రశ్నకు జవాబు: "ఈ క్రోమోజోమ్ మీద, ఈ చోట, ఈ వ్యక్తికి ఉన్న రెండు రూపాలు ఏవి?" ఒకే చోట కనిపించే ఈ వేర్వేరు రూపాలనే అల్లీల్‌లు అంటారు, పాఠ్యపుస్తకాల్లో యుగ్మవికల్పాలు. ఏ చోటో చెప్పకుండా "నా జీనోటైప్ ఏఏ" అని ఎవరైనా అంటే ఆ మాటకు అర్థం లేదు. "ఎక్కడ?" అని అడగాల్సిందే. జీనోమ్ విషయంలో ఆ ప్రశ్నే రాదు.

ఈ రెండు భావనల వయసులు చూసినా సంగతి తెలుస్తుంది. జీనోటైప్ అనే భావనను డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ జొహాన్‌సెన్ 1909లో ప్రతిపాదించాడు. వంశపారంపర్య పదార్థం డీఎన్‌ఏ అని ఏవరీ బృందం చూపించింది 1944లో. అంటే డీఎన్‌ఏ సంగతే తెలియని రోజుల్లోనూ మొక్కల్ని సంకరం చేసి, సంతానాన్ని లెక్కపెట్టి జీనోటైప్ ఏదో తేల్చేవారు. జీనోమ్ అక్షరాలను పూర్తిగా చదవడం అలా కుదరదు, దానికి పరికరాలు రావాలి. ఫ్రెడరిక్ సాంగర్ బృందం సుమారు 5,400 అక్షరాలున్న ఒక చిన్న వైరస్ డీఎన్‌ఏ జీనోమ్‌ను 1977లో చదివింది. మనిషి జీనోమ్‌ను ఖాళీలు లేకుండా చదవడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

2. ఒక చోటును పట్టుకుని దగ్గరగా చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన అడుగు ఇదే. ఒక్క ఉదాహరణ పూర్తిగా అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే సికిల్ సెల్ జబ్బును తీసుకుందాం.

మనిషి 11వ క్రోమోజోమ్ మీద హెచ్‌బీబీ అనే జన్యువు ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు తయారయ్యేది దాన్నిబట్టే. ఆ జన్యువులో ఒక చోట మామూలుగా "జీఏజీ" అనే మూడక్షరాలుంటాయి. నడిమి అక్షరం ఏ బదులు టి అయితే అది "జీటీజీ" అవుతుంది. దాంతో గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. మారింది ఒకే ఒక్క అక్షరం.

ఇప్పుడు జీనోటైప్ రాయండి. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి కాబట్టి మూడు అవకాశాలున్నాయి: రెండూ మామూలువి, ఒకటి మామూలుది ఒకటి మారినది, రెండూ మారినవి. మొదటివారికి ఈ మార్పు లేదు. రెండోవారిని వాహకులు అంటారు, సాధారణంగా వాళ్లకు జబ్బు లక్షణాలు ఉండవు. మూడోవారికి సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. రెండు కాపీలూ ఒకటే అయితే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. ఈ ముగ్గురి జీనోమ్‌లూ పక్కపక్కన పెడితే ఇంకా లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. ఈ జీనోటైప్ వాటి గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

ఇక్కడే ఆగి ఇంకో సంగతి చూడండి. అదే మూడక్షరాల్లో మొదటి జి బదులు ఏ వస్తే హిమోగ్లోబిన్ సి అనే మరో రకం తయారవుతుంది. ఒకరికి తల్లి వైపు నుంచి సికిల్ మార్పు, తండ్రి వైపు నుంచి సి మార్పు వచ్చాయనుకోండి. సికిల్ చోటు ఒక్కటే పరీక్షిస్తే "ఒక కాపీ మారింది, ఒక కాపీ మామూలే" అని వస్తుంది. చూసినవాళ్లు వాహకుడే అనుకుంటారు. నిజానికి ఆ వ్యక్తికి మామూలు బీటా గొలుసు ఒక్కటి కూడా తయారు కాదు. అది ఎస్‌సీ రకం సికిల్ జబ్బు. పరీక్ష తప్పు చెప్పలేదు. అడిగిన చోటుకు సరైన జవాబే ఇచ్చింది. పక్క అక్షరం సంగతి ఎవరూ అడగలేదు. అందుకే ఒక చోటి జీనోటైప్‌కీ, ఒక జన్యువు మొత్తం జీనోటైప్‌కీ మధ్య కూడా గీత గీసుకోవాలి.

3. అక్షరాలను నమ్మే ముందు ఏ పద్ధతిలో రాశారో చూడండి

పైన చెప్పిన చోటుకే "ఏఏ" అని రెండు అక్షరాలు మూడు రకాల కాగితాల మీద కనిపించవచ్చు.

హిమోగ్లోబిన్ పరీక్ష రిపోర్టులో ఏఏ అంటే రెండూ మామూలు హిమోగ్లోబిన్ ఏ. అక్కడ ఏ అనేది ప్రొటీన్ రకం పేరు, డీఎన్‌ఏ అక్షరం కాదు.

జన్యువు చదివే దిశలో రాసిన డీఎన్‌ఏ ఫలితంలో ఏఏ అంటే రెండు కాపీల్లోనూ "జీఏజీ" నడిమి అక్షరం ఏ అని. ఇదీ మామూలే.

మూడోది డీఎన్‌ఏ కంపెనీలు ఇచ్చే ముడి డేటా ఫైలు. డీఎన్‌ఏకి రెండు పోగులుంటాయి. ఒక పోగులో ఏ ఉంటే దాని ఎదుటి పోగులో టి ఉంటుంది, జి ఉంటే సి. రిఫరెన్స్ జీనోమ్‌లో (అందరూ పోలికకు వాడే ప్రామాణిక డీఎన్‌ఏ వరుసలో) ప్లస్ అని గుర్తించిన పోగు మీదే అన్నీ రాయడం చాలా ఫైళ్లలో ఆనవాయితీ. హెచ్‌బీబీ జన్యువును చదివేది మైనస్ దిశలో. కాబట్టి ప్లస్ పోగు మీద మామూలు రూపం టి, సికిల్ రూపం ఏ. అలాంటి ఫైలులో ఏఏ అంటే రెండు కాపీలూ సికిల్‌వే.

అవే రెండక్షరాలు, అదే జన్యువు. రెండు కాగితాల మీద ఆరోగ్యం, మూడో దాని మీద జబ్బు. అందుకే ఇంటర్నెట్‌లో చూసిన పట్టికతో మీ ఫైలులోని అక్షరాలను నేరుగా పోల్చి నిర్ణయానికి రావద్దు. ముందు రెండూ ఒకే పోగు మీద రాసినవో కాదో చూడండి. ఏకి టికి మధ్య, జికి సికి మధ్య తేడా ఉండే చోట్ల మరీ జాగ్రత్త. పోగు మారినా కనిపించేవి అవే రెండక్షరాలు కాబట్టి పొరపాటు కంటికి ఆనదు.

4. ఎన్ని కాపీలు ఉండాలో లెక్కపెట్టండి

జీనోటైప్ అంటే ఎప్పుడూ రెండక్షరాలే అనుకోవద్దు. మనిషికి 1 నుంచి 22 దాకా క్రోమోజోమ్‌లలో ఒక్కో చోటుకు రెండు కాపీలుంటాయి. మగవారికి ఎక్స్ ఒకటే, వై ఒకటే. కాబట్టి వాటిలో చాలా చోట్లకు ఒకే అక్షరం ఉంటుంది. రంగులను సరిగా గుర్తించలేని లోపం మగవారిలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే, ఎక్స్ మీద ఉన్న ఒక్క కాపీ దెబ్బతింటే ఆదుకునే రెండో కాపీ లేదు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. అందులోనూ జత ఉండదు. బంగాళాదుంప మొక్కలో ఒక్కో చోటుకు నాలుగు కాపీలు, గోధుమలో ఆరు.

5. పైకి కనిపించే లక్షణం నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు ఆగండి

రక్తం గ్రూపు ఏ అని తెలిస్తే జీనోటైప్ తెలిసినట్టు కాదు. ఏఏ అయినా గ్రూపు ఏనే, ఏఓ అయినా గ్రూపు ఏనే. ఏ, బి, ఓ అనే మూడు అల్లీల్‌లతో ఆరు జీనోటైప్‌లు వస్తాయి, గ్రూపులు మాత్రం నాలుగే. ఎన్ని జీనోటైప్‌లు సాధ్యమో లెక్క కట్టడానికి తేలిక సూత్రం ఉంది: అల్లీల్‌ల సంఖ్యను దానికి ఒకటి కలిపిన సంఖ్యతో గుణించి సగం చేయండి. మూడు అల్లీల్‌లకు మూడు నాళ్లు పన్నెండు, అందులో సగం ఆరు. తల్లిదండ్రులిద్దరూ ఏ గ్రూపు వారై బిడ్డకు ఓ గ్రూపు వస్తే అనుమానించాల్సిందేమీ లేదు. ఇద్దరూ ఏఓ అయితే అలా జరుగుతుంది.

మరి లక్షణం ఒకేలా ఉన్నప్పుడు జీనోటైప్‌ను విడదీయడం ఎలా? మెండల్ చేసి చూపించాడు. 1866లో అచ్చయిన తన పరిశోధనలో గుండ్రటి బఠాణీ గింజల నుంచి పెంచిన 565 మొక్కల లెక్క ఇచ్చాడు. గింజలు చూస్తే అన్నీ ఒకటే, గుండ్రంగానే ఉన్నాయి. వాటిని స్వపరాగ సంపర్కం చేసుకోనిచ్చి తర్వాతి తరం గింజలు చూశాడు. 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి. 372 మొక్కలు గుండ్రటివీ ముడతలవీ కలిపి ఇచ్చాయి. అంటే మొదటివి సమయుగ్మజాలు, రెండోవి విషమయుగ్మజాలు. డీఎన్‌ఏలోని ఒక్క అక్షరం కూడా చదవకుండా 565 మొక్కల జీనోటైప్ తేల్చేశాడు. వాటి జీనోమ్ గురించి ఆయనకు ఏమీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. జీనోటైప్ అంటే ఏమిటో ఇంతకంటే శుభ్రంగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

6. ఇప్పుడు జీనోమ్ లెక్క వేయండి

జీనోమ్‌కు పొడవు ఉంటుంది. అక్షరాల్లో కొలవచ్చు. మనిషికి ఒక సెట్టు క్రోమోజోమ్‌లలో సుమారు 310 కోట్ల అక్షర జతలు. తల్లి సెట్టు, తండ్రి సెట్టు కలిపి లెక్కిస్తే 620 కోట్లకు అటూ ఇటూ. "మనిషి జీనోమ్ 310 కోట్లు" అన్నప్పుడు ఒక సెట్టు సంగతే చెబుతున్నారని గుర్తుంచుకోండి. వీటికి మైటోకాండ్రియాలోని 16,569 అక్షరాలు కలపాలి. కోవిడ్ తెచ్చిన వైరస్ జీనోమ్ సుమారు 30 వేల అక్షరాలు, అదీ ఆర్‌ఎన్‌ఏలో. పెద్ద జీవికి పెద్ద జీనోమ్ ఉండాలన్న నియమం లేదు. ఉల్లిపాయ జీనోమ్ మన జీనోమ్‌కు దాదాపు ఐదు రెట్లు.

జీనోమ్ అంటే జన్యువుల చిట్టా అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రొటీన్‌లకు సంకేతాలిచ్చే జన్యువులు మనిషిలో సుమారు 20,000. ఆ సంకేతాలున్న భాగం మొత్తం జీనోమ్‌లో రెండు శాతం కూడా ఉండదు. అలాగని మిగతా భాగంలో జీనోటైప్ చూడక్కర్లేదని కాదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి ఉందా లేదా అన్నది ఐరోపా మూలాలున్నవారిలో ఎక్కువగా ఒక్క అక్షరం నిర్ణయిస్తుంది. ఆ అక్షరం పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ జన్యువులో లేదు. దానికి 13,910 అక్షరాల ముందు, పక్కనున్న ఎంసీఎం6 అనే జన్యువులోని ఇంట్రాన్‌లో (ప్రొటీన్ సంకేతం లేని మధ్య భాగంలో) ఉంది. తూర్పు ఆఫ్రికాలోని పశుపాలక జాతుల్లో చాలామందికి ఇదే శక్తి దగ్గరలోనే ఉన్న వేరే అక్షరాల మార్పుల వల్ల వచ్చింది. ఐరోపా చోటు మాత్రమే చూసే పరీక్ష వాళ్లకు "లేదు" అని చెబుతుంది, వాళ్లు మాత్రం పాలు హాయిగా అరిగించుకుంటారు.

7. రిఫరెన్స్ జీనోమ్‌ను ఎవరి జీనోటైప్ అనుకోకండి

"మనిషి జీనోమ్‌ను చదివేశారు" అన్న వార్తను చాలామంది తప్పుగా అర్థం చేసుకునే చోటు ఇది. హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు 1990లో మొదలై 2003లో ముగిసింది. దాన్నుంచి వచ్చిన రిఫరెన్స్ జీనోమ్ కొందరి డీఎన్‌ఏ ముక్కలను అతికించి తయారుచేసిన ఒకే వరుస. ఒక్కో చోటుకు ఒక్కటే అక్షరం ఉంటుంది. జత లేదు కాబట్టి అందులో జీనోటైప్ కూడా లేదు. అది చోట్లకు నంబర్లు ఇచ్చే కొలబద్ద.

2022లో ఖాళీలు లేకుండా పూర్తిచేసిన జీనోమ్ ఇంకా ఆసక్తికరమైనది. దానికి వాడిన సీహెచ్‌ఎమ్13 అనే కణాల్లో రెండు సెట్ల క్రోమోజోమ్‌లూ తండ్రి వైపువే, దాదాపు అచ్చంగా ఒకేలా ఉంటాయి. తల్లి వైపు డీఎన్‌ఏ లేని అసాధారణ గర్భం నుంచి వచ్చిన కణాలవి. దాదాపు ప్రతి చోటా జీనోటైప్ సమయుగ్మజమే కావడంతో అతికించే పని తేలికైంది. ఆ కణాల్లో వై క్రోమోజోమ్ లేదు. దాని పూర్తి వరుస 2023లో వచ్చింది.

కొలబద్ద మారితే చోటు నంబరు కూడా మారుతుంది. సికిల్ మార్పు ఉన్న అక్షరం చిరునామా 2009 నాటి జీఆర్‌సీహెచ్37 రిఫరెన్స్‌లో 5,248,232. 2013 నాటి జీఆర్‌సీహెచ్38లో అదే అక్షరం 5,227,002. వ్యక్తి మారలేదు, జీనోటైప్ మారలేదు, నంబరే మారింది. అందుకే ఏ వెర్షనో చెప్పకుండా చోటు నంబరు మాత్రమే ఇచ్చే రిపోర్టును అలాగే వదిలేయకండి, అడిగి తెలుసుకోండి. వెర్షన్‌తో మారని గుర్తింపు కోసం ఆర్‌ఎస్ నంబర్లు వాడతారు. సికిల్ మార్పుది ఆర్‌ఎస్ 334.

8. ఫైలులోని గుర్తులు చదవండి

మొత్తం జీనోమ్ చదివించినవారికి వీసీఎఫ్ అనే ఫైలు ఇస్తారు. అందులో జీనోటైప్ అంకెల్లో ఉంటుంది. 0 అంటే ఆ చోట రిఫరెన్స్‌లో ఉన్న అక్షరం, 1 అంటే దానికి భిన్నమైనది. 0/0 అంటే రెండూ రిఫరెన్స్‌వే, 0/1 అంటే ఒక్కోటి, 1/1 అంటే రెండూ భిన్నమైనవి. మధ్యలో ఏటవాలు గీత బదులు నిలువు గీత ఉంటే ఏ అక్షరం ఏ కాపీ మీద ఉందో కూడా తేల్చారని అర్థం. అంకెల బదులు చుక్కలుంటే ఆ చోటు సరిగా చదవలేకపోయారు.

సున్నా కనిపిస్తే ఆరోగ్యం అనుకోవద్దు. రిఫరెన్స్ కూడా మనుషుల డీఎన్‌ఏ నుంచే వచ్చింది, వాళ్లకుండే మార్పులు అందులోనూ ఉంటాయి. సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే మార్పు జీఆర్‌సీహెచ్37 రిఫరెన్స్‌లోనే ఉంది. ఆ వెర్షన్ మీద తయారైన ఫైలులో ఆ చోట 0/0 అంటే ప్రమాదకరమైన రూపం రెండు కాపీలు ఉన్నట్టు! జీఆర్‌సీహెచ్38లో దాన్ని సరిచేశారు.

ఇంకోటి. ఇలాంటి ఫైళ్లలో సాధారణంగా రిఫరెన్స్‌కు భిన్నంగా ఉన్న చోట్లే రాస్తారు. ఒక మనిషికి అలాంటివి 40 నుంచి 50 లక్షల దాకా ఉంటాయి. మీరు వెతికే చోటు ఫైలులో కనపడకపోతే అది రిఫరెన్స్‌తో సమానమై ఉండవచ్చు, లేదా అసలు చదవనే లేకపోయి ఉండవచ్చు. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది.

9. పరీక్ష ఏ రకమో తేల్చుకోండి

జీనోటైపింగ్ చిప్ పరీక్ష అంటే ఊళ్లో ముందే ఎంచుకున్న ఇళ్ల తలుపులు తట్టి రావడం. మొత్తం జీనోమ్ సీక్వెన్సింగ్ అంటే ప్రతి ఇంటికీ వెళ్లడం. చిప్ సాధారణంగా కొన్ని లక్షల చోట్లు చూస్తుంది. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ 310 కోట్లలో అది రవ్వంత. పైగా ఆ చోట్లు చాలావరకు జనంలో తరచుగా కనిపించే తేడాలున్నవి. ఒక కుటుంబానికి మాత్రమే పరిమితమైన అరుదైన మార్పు చిప్ జాబితాలో ఉండే అవకాశం చాలా తక్కువ.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో డాక్టరు చీటీ అక్కర్లేని ఒక పరీక్షకు అనుమతి ఇచ్చింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో సంబంధమున్న బ్రాకా1, బ్రాకా2 జన్యువుల్లో అప్పట్లో అది చూసింది మూడే మూడు మార్పులు. అవి అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా) యూదు మూలాలున్నవారిలో ఎక్కువగా కనిపించేవి. ఆ జన్యువుల్లో తెలిసిన మార్పులు వెయ్యికి పైనే ఉన్నాయని, ఆ మూడూ లేకపోయినంత మాత్రాన ప్రమాదం లేదని కాదని అప్పుడే ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు చిప్ పరీక్షలో "కనపడలేదు" అని చూసి ఊరుకోవడం నిజంగా ప్రమాదం. అలాంటివారు జెనెటిక్ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలిసి, ఆ జన్యువులను పూర్తిగా చదివే పరీక్ష గురించి అడగాలి. చిప్‌లో ఏదైనా కనిపించినా సరే, చికిత్స నిర్ణయాలకు ముందు వేరే పద్ధతిలో నిర్ధారించుకోవాలి. అరుదైన మార్పుల దగ్గర చిప్‌లు లేనిది ఉన్నట్టు చూపించడం తెలిసిన సమస్యే.

అలాగని ప్రతిదానికీ జీనోమ్ మొత్తం చదివించనక్కర్లేదు. ఇంట్లో ఒకరికి ఏ మార్పు ఉందో ఇప్పటికే తెలిస్తే, మిగతావారికి ఆ ఒక్క చోట జీనోటైప్ చూస్తే సరిపోతుంది. ప్రశ్న ఎంత ఇరుకైతే పరీక్ష అంత చిన్నది చాలు.

10. "ఎక్కడ?" పనిచేయని వాక్యాలను గుర్తించండి

జీనోటైప్‌ను విశాలమైన అర్థంలో వాడే రంగాలు రెండున్నాయి. పంటల పరిశోధనలో "ఇరవై జీనోటైప్‌లను మూడు చోట్ల సాగుచేశారు" అని రాస్తారు. అక్కడ జీనోటైప్ అంటే ఒక వంగడం, దాని వంశపారంపర్య స్వరూపం అంతా కలిపి. వైరస్‌ల విషయంలో "హెపటైటిస్ సి జీనోటైప్ 3" అంటారు. అక్కడ దగ్గరి పోలికలున్న జీనోమ్‌లను ఒక గుంపు చేసి దానికి నంబరు ఇచ్చారు. ఈ వైరస్ జీనోమ్ దాదాపు 9,600 అక్షరాలు. ఒక జీనోటైప్‌కూ ఇంకో జీనోటైప్‌కూ మధ్య మూడో వంతు దాకా అక్షరాలు వేరుగా ఉంటాయి.

ఇలాంటి చోట ప్రశ్న మార్చండి. "పొడవెంత?" అని అడిగితే అర్థం ఉందా? ఉంటే అది జీనోమ్. "మిగతావాటికంటే ఏ రకంగా వేరు?" అని అడిగితేనే అర్థం వస్తోందా? అయితే జీనోటైప్. జీనోమ్‌ను కొలుస్తాం, జీనోటైప్‌ను పోలుస్తాం. ఒక జాతిలో ఒకే ఒక్క జీవి మిగిలినా దానికి జీనోమ్ ఉంటుంది, చదివి పొడవు చెప్పొచ్చు. జాతి అంతటా ఒకే అక్షరం ఉండే చోట మాత్రం జీనోటైప్ చూసినా ప్రయోజనం లేదు, విడదీయడానికి తేడాయే లేదు కదా.

11. మీరు రాసేటప్పుడు

రికార్డులోనో, ప్రాజెక్టు రిపోర్టులోనో, డాక్టరుకు చూపించే కాగితంలోనో జీనోటైప్ రాస్తే ఒకే వరుసలో ఇవన్నీ పెట్టండి: జన్యువు పేరు, ఆర్‌ఎస్ నంబరు, రిఫరెన్స్ వెర్షన్, చోటు, పోగు, కనిపించిన అక్షరాలు. పైన చెప్పిన సికిల్ వాహకుడికైతే ఇలా ఉంటుంది:

హెచ్‌బీబీ, ఆర్‌ఎస్ 334, జీఆర్‌సీహెచ్38, క్రోమోజోమ్ 11, 5,227,002, ప్లస్ పోగు, టి/ఏ.

జీనోమ్ గురించి రాస్తే వేరే వివరాలు కావాలి: ఏ జీవి, ఎన్ని అక్షరాలు, ఏ రిఫరెన్స్‌తో పోల్చారు, ఒక్కో అక్షరాన్ని సగటున ఎన్నిసార్లు చదివారు. మనుషుల జీనోమ్‌కు 30 సార్లు అన్నది ఎక్కువగా పాటించే ప్రమాణం. సగటు 30 అయినా కొన్ని చోట్ల రెండు మూడు సార్లే చదివి ఉండవచ్చు. అలాంటి చోట రెండు కాపీల్లో ఒకటే కంటపడి, విషమయుగ్మజం కాస్తా సమయుగ్మజంలా కనిపించే ప్రమాదం ఉంది. కాబట్టి ముఖ్యమైన ప్రతి చోటుకూ అక్కడ ఎన్నిసార్లు చదివారో ఆ సంఖ్యను పక్కనే రాయండి. అసలు పరీక్షించని చోట్లను "లేదు" అని కాకుండా "చూడలేదు" అని విడిగా రాయండి.